ఇంట్లో కంప్యూటరు: ఒక డిస్కు, రెండు వాటాలు

పోయిన సంచికలో పెన్ డ్రైవుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో హోసూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈసారి శీర్షికకు విషయం ఇచ్చింది. వాళ్ళింట్లో పాత కంప్యూటరులో సి, డి, ఇ అని మూడు డ్రైవులు ఉండేవట. కిందటేడు కొన్న ల్యాప్‌టాప్‌లో సి ఒక్కటే ఉంది. పిల్లల ఫొటోలు, మామగారు స్కాన్ చేయించిన పొలం కాగితాలు, అత్తగారు పాడుతుంటే ఫోనులో పట్టిన పెళ్ళిపాటలు, అన్నీ అందులోనే చేరాయి. "రేపు విండోస్ పాడై మళ్ళీ ఎక్కించాల్సి వస్తే ఇవన్నీ ఏమవుతాయి? సి డ్రైవును రెండు చేసి వీటిని డి లో పెట్టుకుందామని షాపుకు వెళితే, ఫార్మాట్ చేయాలమ్మా, ఉన్నదంతా పోతుంది అన్నారు. నిజమేనా?" అని అడిగారు.

జవాబు రెండు ముక్కల్లో చెబుతాను. షాపువారు చెప్పింది ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. ఉన్న ఫైలు ఉన్నట్టే ఉండగా సి డ్రైవును రెండు చేయవచ్చు. అయితే డి డ్రైవు వల్ల ఏ రక్షణ కలుగుతుందని చాలామంది అనుకుంటున్నారో, ఆ రక్షణలో సగమే అది ఇవ్వగలదు. ఆ మిగతా సగం కోసమే ఈ వ్యాసం చివరిదాకా చదవమని కోరుతున్నాను.

సూచిక పేజీ

డిస్కును ఒక పెద్ద లెడ్జరు పుస్తకం అనుకోండి. దాని మొదట్లో ఒక సూచిక ఉంటుంది. ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ వరకు ఒక వాటా, అక్కడి నుంచి ఇంకో వాటా అని అందులో రాసి ఉంటుంది. ఆ వాటానే పార్టిషన్ అంటారు. డిస్కును కోయడం, ముక్కలు చేయడం ఏమీ ఉండదు. పుస్తకం ఒక్కటే, హద్దులు మాత్రం కాగితం మీద ఉన్నాయి. అన్నదమ్ముల పంపకాల్లో భూమి కదలదు, దస్తావేజులో హద్దులే మారతాయి. ఇదీ అంతే.

ఈ ఏర్పాటు 1983లో ఐబీఎం వారి పీసీ ఎక్స్‌టీ కంప్యూటరుతో, డాస్ 2.0తో మొదలైంది. అప్పటి హార్డ్ డిస్కు 10 మెగాబైట్లు. ఈరోజు ఫోనులో తీసిన రెండు మూడు ఫొటోలు దాన్ని నింపేయగలవు. ఎ, బి అనే అక్షరాలు ఫ్లాపీలకు పోగా హార్డ్ డిస్కుకు సి వచ్చింది. ఫ్లాపీలు పోయాయి గానీ ఆ అక్షరం మాత్రం మిగిలిపోయింది. డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో సూచికకు కేటాయించింది 64 బైట్లు. ఒక్కో పద్దుకు 16 బైట్లు చొప్పున నాలుగు పద్దులే పట్టేవి. అందుకే పాత పద్ధతిలో ముఖ్యమైన వాటాలు నాలుగుకు మించవు. 2 టెరాబైట్లు దాటిన డిస్కును అది పూర్తిగా లెక్కపెట్టలేదు కూడా.

డాస్ రోజుల్లో వాటాలు వేయడానికి ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉండేది. అది చేసేది ఒకటే పని. పాత సూచికలోని పద్దు కొట్టేసి కొత్త పద్దు రాయడం. లోపలి పేజీల్లో ఏముందో దానికి పట్టదు. పద్దు కొట్టేశాక లోపల అక్షరాలు ఉన్నా, ఏ ఖాతా ఏ పేజీలో ఉందో చెప్పే ఆధారం ఉండదు. తరువాత కొత్త వాటాను ఫార్మాట్ చేయక తప్పేది కాదు, దాంతో పాతవాటి ఆశ వదులుకోవలసిందే. షాపువారి నోట ఇప్పటికీ వినిపించే మాట ఆ రోజులది. 1990లలో పార్టిషన్ మ్యాజిక్ వంటి ప్రోగ్రాములు ఉన్న ఫైళ్ళను కాపాడుతూ హద్దులు జరపడం చేసి చూపించాయి. 2007లో విండోస్ విస్టాతో ఆ సదుపాయం విండోస్‌లోనే వచ్చింది. తరువాత వచ్చిన అన్ని విండోస్‌లలోనూ ఉంది. విడిగా ఏదీ కొననక్కరలేదు.

ఇప్పటి కంప్యూటర్లలో సూచిక పద్ధతి కూడా మారింది. కొత్తదాని పేరు జీపీటీ. విండోస్‌లో దీనికి 128 పద్దులు పడతాయి. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సూచికను డిస్కు మొదట్లో ఒకసారి, డిస్కు చిట్టచివర ఇంకోసారి రాసి ఉంచుతారు. మొదటిది చెడితే చివరిది చూసి సరిచేసుకోవచ్చు. ముఖ్యమైన కాగితానికి రెండో ప్రతి ఉండాలని దీన్ని తయారుచేసినవాళ్ళే గుర్తించారన్నమాట.

ముందు సామాను, తరువాత గోడ

ఒక పెద్ద హాలుంది. సామాను అంతా చెదురుమదురుగా పరచి ఉంది. ఆ హాలు మధ్యలో అడ్డుగోడ కట్టాలి. గోడ అవతల పడే భాగంలోని బీరువా, మంచం ముందు ఇవతలికి జరిపి, ఆ తరువాత ఇటుకలు పేర్చాలి. ఈ వరస తిరగబడితే బీరువా గోడ కింద పడుతుంది.

డిస్కులో జరిగేదీ ఇదే. సి డ్రైవును తగ్గించమని చెప్పినప్పుడు, విండోస్ ముందుగా సి చివరి భాగంలో ఉన్న ఫైళ్ళను ముందువైపు ఖాళీలోకి జరుపుతుంది. ఏ ఫైలు ఎక్కడికి వెళ్ళిందో తన పట్టీలో రాసుకుంటుంది. చివరి భాగం ఖాళీ అయ్యాక సూచికలో హద్దు మారుస్తుంది. పని సవ్యంగా జరిగితే ఒక్క ఫైలూ చెక్కుచెదరదు. సరిగ్గా ఫైళ్ళు కదులుతున్న సమయంలో కరెంటు పోయినా, డిస్కులోనే లోపం ఉన్నా నష్టం రావచ్చు. అరుదే గానీ అసాధ్యం కాదు. అందువల్ల "ఏమీ పోకుండా" అనే మాటకు అర్థం సరిగ్గా చెప్పుకోవాలి. పద్ధతిలో ఏమీ పోదు. ప్రమాదంలో పోవచ్చు. ప్రమాదానికి ముందే సిద్ధపడి ఉంటే అప్పుడూ ఏమీ పోదు.

మొదలుపెట్టే ముందు

ఒకటి. బయటి హార్డ్ డిస్కు ఒకటి తెచ్చి మీ ఫైళ్ళన్నీ దానిలోకి కాపీ చేయండి. కాపీ అయిపోయిందని తెర మీద చూసి వదిలేయవద్దు. అసలు ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే అందులో ఎన్ని ఫైళ్ళున్నాయో, మొత్తం ఎన్ని బైట్లో కనిపిస్తుంది. కాపీ ఫోల్డరుదీ అలాగే చూడండి. రెండు అంకెలూ కలవాలి. సాయంత్రం క్యాషు కలవకపోతే మా క్యాషియరు ఇంటికి వెళ్ళడు కదా, మీరూ అంతే. అంకెలు కలిశాక పది ఫైళ్ళు తెరిచి చూడండి. పాట వినిపించాలి, ఫొటో కనిపించాలి.

రెండు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కు మొత్తానికి తాళం వేసి ఉంటుంది. బిట్‌లాకర్ అనీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనీ దీనికి పేర్లు. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. డిస్కులో మార్పు జరిగాక ఎప్పుడైనా కంప్యూటరు ఆ అంకెలు అడగవచ్చు. తెలియకపోతే మన ఇంటి బయట మనమే నిలబడాల్సి వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారికి మామూలుగా ఆ ఖాతాలోనే కీ భద్రమై ఉంటుంది. చూసి, కాగితం మీద రాసి, బీరువాలో పెట్టుకోండి. ఆ కాగితం కంప్యూటరు సంచీలో మాత్రం పెట్టవద్దు.

మూడు. సి డ్రైవు ప్రాపర్టీస్‌లో టూల్స్ అనే చోట తప్పులు వెతికే సదుపాయం ఉంది. ఒకసారి నడపండి. తప్పులున్నట్టు చెబితే ముందు అవి సరికావాలి. డిస్కు టకటక శబ్దం చేస్తున్నా, ఫైళ్ళు తెరుచుకోవడానికి మొరాయిస్తున్నా వాటాల ఆలోచన మానుకోండి. అలాంటి డిస్కు నుంచి ఫైళ్ళు బయటికి తీసుకోవడమే అప్పుడు చేయవలసిన పని.

నాలుగు. ల్యాప్‌టాప్ అయితే నిండా చార్జి చేసి వైరు తగిలించి ఉంచండి. బల్ల మీది కంప్యూటరైతే యూపీఎస్ ఉండాలి. వేసవి మధ్యాహ్నం కరెంటుతో దోబూచులాడే ఊళ్ళలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది.

పని

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే పట్టీలో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. తెరవగానే కింది భాగంలో మీ డిస్కు ఒక పొడుగాటి పట్టెలా కనిపిస్తుంది. సి ఒక్కటే అనుకున్నవారికి అక్కడ ఇంకో రెండు చిన్న గళ్ళు కనిపించి ఆశ్చర్యం కలుగుతుంది. ఈఎఫ్ఐ అని ఉన్న చిన్న వాటా కంప్యూటరు మేలుకోవడానికి కావలసినది. రికవరీ అని ఉన్నది విండోస్ జబ్బు పడితే వైద్యానికి. వాటికి అక్షరం లేదని, ఖాళీగా ఉన్నాయని కొట్టేయవద్దు. ఈఎఫ్ఐ వాటా తీసేస్తే మరునాడు కంప్యూటరు లేవదు.

అన్నట్టు, 512 గిగాబైట్లని చెప్పి అమ్మిన డిస్కు ఇక్కడ దాదాపు 476 అని కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. సరుకు అదే, తూకంరాయి వేరు.

సి గడి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. కాసేపు లెక్కవేసి ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. ఇక్కడే తొందర పనికిరాదు. అది అడిగేది సి లో ఎంత ఉంచాలని కాదు, సి నుంచి ఎంత కోయాలని. పైగా తీయగలిగినంతా తీసేలా గరిష్ఠ అంకె అదే ముందుగా వేసి ఉంచుతుంది. చూడకుండా సరే అని నొక్కితే సి కి ఊపిరాడదు. అంకె గిగాబైట్లలో కాక మెగాబైట్లలో వేయాలి. 100 గిగాబైట్లు కావాలంటే 102400 అని, 200 కావాలంటే 204800 అని.

సి కి ఎంత ఉంచాలి? విండోస్ 11 కు కనీసం 64 గిగాబైట్ల డిస్కు ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. కనీసం అంటే కనీసమే. ప్రోగ్రాములు, ఏటా వచ్చే పెద్ద మార్పులు అన్నీ అక్కడే దిగుతాయి. నా సలహా అడిగితే, కోత తరువాత సి లో వాడకం పోగా ఇంకా 80 నుంచి 100 గిగాబైట్లు ఖాళీగా ఉండాలి. పంపకాల్లో పెద్దవాటా ఉమ్మడి ఖర్చులు మోసేవాడికి ఇచ్చినట్టు.

అంకె వేసి ష్రింక్ నొక్కండి. కొద్ది నిమిషాల్లో కావచ్చు, పాత డిస్కులైతే గంట పట్టవచ్చు. కదలడం లేదని మధ్యలో ఆపవద్దు, కంప్యూటరు ఆర్పవద్దు. పని అయ్యాక సి పక్కన అన్ఎలొకేటెడ్ అనే నల్ల పట్టీతో ఖాళీ జాగా వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఎంచుకుంటే పరిమాణం, అక్షరం, పేరు వరసగా అడుగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉన్నది అలాగే ఉంచండి. ఇక్కడ ఫార్మాట్ అనే మాట చూసి గుండె జారవలసిన పనిలేదు, అది ఆ ఖాళీ జాగాకే. కొత్త వాటాకు "ఇంటివి" అనో "సంఘం లెక్కలు" అనో తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు.

పాత కంప్యూటరులో అప్పటికే నాలుగు వాటాలు ఉంటే, ఐదోది వేయబోయినప్పుడు డిస్కును డైనమిక్‌గా మారుస్తానని విండోస్ అడుగుతుంది. వద్దని చెప్పి బయటికి రండి. తరువాత వచ్చే చిక్కులు ఎక్కువ.

తగ్గనంటే

150 గిగాబైట్లు ఖాళీ ఉన్నా 12 మాత్రమే తగ్గించగలనని విండోస్ చెప్పవచ్చు. కొన్ని ఫైళ్ళను అది నడుస్తూ జరపలేదు. నిద్రపుచ్చినప్పుడు జ్ఞాపకాన్ని దాచుకునే హైబర్నేషన్ ఫైలు, మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజింగ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ కోసం దాచిన ప్రతులు, ఇవి ముఖ్యమైనవి. హాలు చివర దాకా ఖాళీయే అయినా నడుమ నాపరాయి రోలు పాతి ఉంటే గోడ దాని అవతలే కట్టాలి కదా. హైబర్నేషన్, సిస్టమ్ రిస్టోర్ రెండూ తాత్కాలికంగా ఆపి, కంప్యూటరును ఒకసారి ఆర్పి వెలిగించి మళ్ళీ ప్రయత్నిస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. పని అయ్యాక రెండూ తిరిగి పెట్టుకోవాలి. ఏ ఫైలు అడ్డం పడిందో తెలుసుకోవాలంటే ఈవెంట్ వ్యూయరులో అప్లికేషన్ చిట్టాలో 259 నంబరు పద్దు చూడవచ్చు.

రేపు మనసు మారి డి ని తీసేసి సి ని పెంచాలనుకుంటే ఇంకో నియమం ఉంది. సి కి కుడిపక్కన ఆనుకుని ఉన్న ఖాళీనే విండోస్ దానికి కలపగలదు. మధ్యలో డి ఉండగా దాని అవతల జాగా పనికిరాదు. అప్పుడు డి లోవన్నీ బయటికి కాపీ చేసి, డి ని తొలగించి, సి ని పెంచాలి.

ఆపిల్ మ్యాక్ ఉన్నవారికి ఈ తంటా లేదు. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలో, డిస్క్ యుటిలిటీలో కొత్త వాల్యూమ్ ఒకటి చేర్చితే చాలు. ముందుగా ఇంతని జాగా విడదీయకుండా, అన్ని వాల్యూములూ ఉన్న ఖాళీని ఉమ్మడిగా వాడుకుంటాయి. వేరు వంటిళ్ళు, ఉమ్మడి గాదె.

ఏదైనా జరిగితే

వాటా కనిపించకపోయినా, తెరవబోతే "వాడేముందు ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగినా ఒప్పుకోవద్దు. చాలా సందర్భాల్లో ఫైళ్ళు లోపల ఉండే ఉంటాయి, చెడింది సూచిక మాత్రమే. ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపేయండి. పోయిన సూచికను వెతికి తిరిగి రాసే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, తెలిసినవారి చేత చేయించండి. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో ఒక తేడా గమనించాలి. ఫార్మాట్ చేసినా, ఫైలు తీసేసినా ఆ చోటు ఇక అక్కరలేదని విండోస్ డిస్కుకు చెప్పేస్తుంది, డిస్కు దాన్ని తుడిచేసుకుంటుంది. పాత హార్డ్ డిస్కుల్లో లాగా తరువాత తవ్వి తీయగలమన్న ధీమా వీటితో పనికిరాదు.

అడ్డుగోడ ఇవ్వలేనిది

ఇక మొదట చెప్పిన రెండో ముక్క. డి డ్రైవు ఉంటే విండోస్ మళ్ళీ ఎక్కించేటప్పుడు సి ని మాత్రమే తుడిచి, డి ని తాకకుండా ఉండవచ్చు. అదొక నిజమైన లాభం. కానీ సి, డి రెండూ ఒకే డిస్కు. ఆ డిస్కు చచ్చిపోతే రెండూ ఒకే క్షణంలో పోతాయి. ల్యాప్‌టాప్ రైల్లో పోయినా, కింద పడినా, ఇంట్లోకి నీళ్ళు వచ్చినా అంతే. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే అది సి దగ్గర ఆగిపోదు, డి లోకీ వెళుతుంది. పైకప్పు కూలితే నడిమి గోడ ఏం కాపాడుతుంది?

మా బరంపురంలో మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండేవారు. వారి అబ్బాయి ఓపికగా ఆయన్ని కూర్చోబెట్టి చిన్ననాటి సంగతులు, చదువు చెప్పిన రోజులు, వాళ్ళ వంశం ఎక్కడి నుంచి ఈ గంజాం జిల్లాకు వచ్చిందీ గంటల తరబడి రికార్డు చేశాడు. జాగ్రత్త గలవాడే. అవి సి లో ఉంటే ప్రమాదమని డి డ్రైవులో "నాన్నగారు" అని ఫోల్డరు చేసి పెట్టాడు. మాస్టారు పోయిన రెండేళ్ళకు ఒకరోజు పొద్దున కంప్యూటరు లేవలేదు. డిస్కు లోపలి యంత్రం విరిగిపోయింది. పోయినవి తీసిచ్చే వారి దగ్గరకు పట్నం పంపారు. కొన్ని ఫొటోలు తిరిగి వచ్చాయి. గొంతు రాలేదు.

మనలాంటి ఊళ్ళలో ఇది ఒక ఇంటి నష్టంతో ఆగదు. ఆ ఇంటి మనవలు ఒడియా బడిలో చదివారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. తాతగారు పుస్తకం రాసినా వాళ్ళకు అందేది కాదు, ఆయన గొంతు అందేది. ఒడియా మాటలు అలవోకగా కలిసే ఆ బరంపురం తెలుగు మరెవరి నోటా అచ్చం అలా రాదు. హోసూరులో, షోలాపూరులో, బళ్ళారిలో, యానాంలో కూడా ఎవరి తెలుగు వారిదే. ఏ లైబ్రరీలోనూ దొరకని ఆ మాటలు ఈనాడు చాలావరకు ఉన్నది మన ఫోనుల్లో, ల్యాప్‌టాపుల్లో. విండోస్ పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. పొలం కాగితాలకు రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. అత్తగారి పెళ్ళిపాటకు నకలు ఇచ్చే ఆఫీసు లేదు.

బ్యాంకులో స్ట్రాంగ్ రూము తాళాలకు రెండో జత చెవులు ఉంటాయి. వాటిని ఆ స్ట్రాంగ్ రూములోనే ఇంకో అరలో పెట్టరు. వేరే బ్రాంచిలో భద్రపరిచి రసీదు తెచ్చుకుంటారు. మొదటి జతకు ఏ కీడు వచ్చినా అది రెండో జతకు అంటకూడదన్నదే ఆ నియమం వెనకున్న ఆలోచన. డి లో దాచడం అంటే రెండో జతను పక్క అరలో పెట్టడమే.

కాబట్టి వాటా వేసుకోండి, తప్పు లేదు. ఇంట్లో ఇద్దరు వాడే కంప్యూటరులో పిల్లల ఆటలు ఒకవైపు, సంఘం లెక్కలు ఒకవైపు ఉంటే చక్కగా ఉంటుంది. విండోస్ పక్కన లినక్స్ పెట్టి నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళకు వాటా కావాలి. ఇవేవీ అవసరం లేనివారు సి ఒక్కదాన్నే ఉంచుకుని ఫోల్డర్లు శుభ్రంగా పెట్టుకున్నా నష్టం లేదు. వాటా ఉన్నా లేకున్నా, పోతే తిరిగిరానివి మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటరులో. ఒకటి బయటి డిస్కులో, కాపీ చేసినంతసేపే తగిలించి, తరువాత విప్పి బీరువాలో. ఒకటి వేరే ఊళ్ళో. ఇంటర్నెట్‌లో దాచుకునేవారు అక్కడ దాచుకోవచ్చు. లేదంటే మనవాళ్ళు నాలుగు రాష్ట్రాల్లో పరుచుకుని ఉండటం ఇక్కడ అక్కరకు వస్తుంది. పండక్కి వచ్చిన ఆడపడుచు చేతికి పసుపు కుంకుమలతో పాటు ఒక పెన్ డ్రైవు కూడా ఇచ్చి పంపండి. వచ్చే ఏడు ఆవిడ వచ్చేటప్పుడు అది తెస్తుంది, కొత్తవి చేర్చి మళ్ళీ ఇస్తారు. వాళ్ళవి మీ దగ్గర, మీవి వాళ్ళ దగ్గర.

చివరగా ఒక చిన్న సూచన. గొంతులు రికార్డు చేసిన ఫైళ్ళకు యంత్రం పెట్టిన అంకెల పేర్లు వదిలేయవద్దు. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఏ పాట అన్నది ఫైలు పేరులోనే రాయండి. ఇరవై ఏళ్ళ తరువాత ప్రతి దొరికినా, అది ఎవరి గొంతో చెప్పేవాళ్ళు ఇంట్లో లేకపోతే ఏం లాభం?

వచ్చే సంచికలో కంప్యూటరులోనూ ఫోనులోనూ తెలుగులో టైపు చేయడానికి ఉన్న రకరకాల కీబోర్డుల గురించి రాస్తాను. ఏది మీకు సులువుగా ఉందో, ఏది చేతికి రాలేదో ఈలోగా సంఘం చిరునామాకు రాయండి.